వెంట్రుకవాసి వదులు

నాయన పోయాక ఆయన పనిముట్ల పెట్టెను ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు, మా ఇంటికి తెచ్చుకుంటున్న రోజునే నా కారు ముందు చక్రం మూలగడం మొదలుపెట్టింది. శిరివెళ్ల దాకా అది రోడ్డు చప్పుడే అనుకున్నాను. రోడ్డు నున్నగా మారింది గానీ చప్పుడు మారలేదు. వేగం పెంచితే పెరిగింది, తగ్గిస్తే తగ్గింది, కుడివైపు మలుపు తిప్పినప్పుడు ఇంకాస్త గట్టిగా వినిపించింది. పక్క సీట్లో ఉన్న అమ్మ "ఏందే ఆ కూత?" అంది. నాకు వెంటనే అనుమానం వచ్చింది. చక్రం మీద కాదు, ఈమధ్య టైర్లు మార్చినతని మీద. నాకు ముందు మనిషి మీద అనుమానం వస్తుంది, వస్తువు సంగతి ఆ తర్వాత. పాలు చూడకముందే పాలాయన ముఖం చూస్తాను. బడిలో పాఠాలు చెప్పినన్నాళ్లూ ఏ పిల్లకైనా మంచి మార్కులొస్తే, పక్కన ఎవరు కూర్చున్నారని ఆరా తీసేదాన్ని. ఈ గుణం నాకు నాయన నుంచి వచ్చింది.

మర్నాడు నంద్యాలలో శీను అనే మెకానిక్ దగ్గరికి కారు తీసుకెళ్లాను. అతను జాకీ పెట్టి ఎడమ చక్రాన్ని పైకి లేపాడు. చక్రానికి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ముందుకూ వెనక్కూ ఊపితే టకటకమంది. తర్వాత చక్రాన్ని చేత్తో తిప్పి, దాని వెనకున్న స్ప్రింగు మీద నన్ను వేళ్లు ఆనించమన్నాడు. లోపల ఎవరో ఇసుక నూరుతున్నట్టు గరగర నా వేళ్లకు తగిలింది. "బేరింగు పోయింది మేడమ్, మొత్తం మార్చల్ల" అన్నాడు. విప్పి గ్రీజు పెడితే సరిపోదా అన్నాను. "ఇదంతా మూసేసి వస్తాది మేడమ్. విప్పేదానికి లేదు, గ్రీజు పెట్టేదానికి లేదు. పోయిందంటే తీసేసి కొత్తది వేయల్ల" అన్నాడు. విప్పి చూపించలేని వస్తువు చెడిపోయిందంటే ఎలా నమ్మడం? పాత బేరింగు నా చేతికివ్వాలని ముందే చెప్పి, అతను పని చేస్తున్నంతసేపూ పక్కనే నిలబడ్డాను. చివరికి దాన్ని పేపర్లో చుట్టి ఇచ్చాడు. కాలిన గ్రీజు వాసన వచ్చింది. ఆ వాసనకు ఒక్కసారిగా ఆళ్లగడ్డలో మేమున్న ఇల్లు, దాని ముందు ఆగి ఉన్న జీపు కళ్ల ముందుకొచ్చాయి.

మా నాయన దేవదానం. ఊళ్లో అందరూ జీపు దేవదానం అనేవాళ్లు. ఆళ్లగడ్డ నుంచి శిరివెళ్ల మీదుగా నంద్యాలకు సొంత జీపులో జనాన్ని చేరవేసేవాడు. బస్సు కోసం కాచుకునే ఓపిక లేనివాళ్లంతా ఆయన జీపెక్కేవాళ్లు. ఒళ్లో కోళ్లు పెట్టుకున్న ఆడవాళ్లు లోపల, వెనక కడ్డీ పట్టుకుని వేలాడే మగవాళ్లు బయట. ఆ జీపు తప్ప మాకు ఇంకే ఆధారమూ లేదు కాబట్టి, లోకమంతా దాన్ని ఊడబెరుక్కోవడానికే కాచుకుని ఉందని ఆయన నమ్మకం. టీ తాగడానికి కూర్చుంటే జీపు కనిపించే వైపే కూర్చునేవాడు. స్పేరు టైరును ఎవరైనా మార్చేస్తారని దాని మీద రంగుతో గుర్తు పెట్టుకున్నాడు. ఆదివారం చర్చిలో కిటికీ పక్క చోటు ఆయనది. ప్రార్థనకు కళ్లు మూసుకోమని పాస్టరుగారు అన్నప్పుడు మా నాయన ఒక్క కన్నే మూసేవాడు. రెండోది కిటికీలోంచి జీపును చూస్తుండేది. దేవుణ్ణి నమ్మేవాడే గానీ చర్చి బయట తిరిగేవాళ్లను నమ్మేవాడు కాదు.

ఇంట్లోనూ అంతే. ఆయన మూత పెట్టిన డబ్బా మళ్లీ తీయడం మా అమ్మ వల్ల అయ్యేది కాదు. చెనిగిత్తనాల డబ్బా, ఉప్పు డబ్బా, చివరికి కిరసనాయిలు సీసా, అన్నిటినీ నరాలు పొంగేలా బిగించేవాడు. అమ్మ ఊరిమిండి పచ్చడి నూరడానికి కూర్చుని, డబ్బా మూత చుట్టూ రోకలితో కొట్టుకుంటూ ఆయన్ను తిట్టుకునేది. "రవ్వంత వదిలిపెడితే చీమలు రావా?" అనేవాడు. కొళాయి కట్టేస్తే దాని లోపలి తోలుబిళ్ల చితికిపోయేది. తలుపు గడియ వేస్తే చెక్క మూలిగేది. బిర్రుగా ఉన్నదే భద్రంగా ఉన్నట్టని మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. నేను ఇప్పటికీ అలాగే మూతలు బిగిస్తాను. అమ్మ ఇప్పటికీ తిడుతుంది.

సాయంత్రం ఇంటికి రాగానే ఆయన మమ్మల్ని పలకరించకముందే జీపు చుట్టూ తిరిగి, ఒక్కొక్క చక్రం నడిబొడ్డున చేతి వెనకవైపు ఆనించి చూసేవాడు. "వెచ్చగా ఉంటే మంచిదే పాపా, చెయ్యి కాలిందంటే లోపల ఏదో ఉండాదని" అని నాకూ చూపించేవాడు. తర్వాత కిరసనాయిలుతో చేతులు తుడిచి, ఇటుక పొడితో రుద్ది, సబ్బుతో కడిగేవాడు. అయినా గ్రీజు వాసన పోయేది కాదు. అమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు తట్టి వేడివేడిగా పళ్లెంలో వేస్తే, ఆయన తుంచి నా నోట్లో పెట్టిన మొదటి ముక్కకు ఎప్పుడూ ఆ వాసనే. నాకది ఇష్టంగానే ఉండేది.

చక్రాల పని మాబు చేసేవాడు. జీపుల స్టాండు పక్కన ఆయనకో రేకుల షెడ్డు. నాయనా ఆయనా చిన్నప్పటి నుంచీ స్నేహితులు. రంజానుకు ఆయన ఇంటి సేమ్యా మాకు వచ్చేది, క్రిస్మస్‌కు మా ఇంటి కజ్జికాయలు వాళ్లకు వెళ్లేవి. నేను ఆయన్ను మామా అని పిలిచేదాన్ని. వానాకాలం పోగానే, వాగు నీళ్లు లోపలికి దిగి ఉంటాయని, నాయన జీపును ఆయన షెడ్డులో పెట్టేవాడు. మాబు మామ చక్రాలు ఊడదీసి బేరింగులు బయటికి తీసేవాడు. చిన్న చిన్న ఉక్కు రోలర్లు వరసగా కూర్చున్న కడియం లాంటి వస్తువది. దాన్ని కిరసనాయిలు బేసిన్లో కడిగి, ఆరబెట్టి, వెలుతురుకు పట్టి ఒక్కొక్క రోలరునూ చూసేవాడు. గీతలుంటే పక్కన పెట్టేసేవాడు. బాగుంటే అరచేతి నిండా గ్రీజు తీసుకుని, బేరింగు అంచును అరచేతికేసి నొక్కుతూ, గ్రీజు అవతలి పక్క నుంచి పైకి ఉబికేదాకా నింపేవాడు. నేలమీద పెట్టనిచ్చేవాడు కాదు. "దుమ్ము పడిందంటే అరిగిపోతాది పాపా, ముట్టుకోవద్దు" అనేవాడు.

అసలు మెలిక అంతా చివరి నట్టు దగ్గర. చక్రం ఎక్కించాక మాబు మామ ఒక చేత్తో చక్రాన్ని తిప్పుతూ, ఇంకో చేత్తో పానా పట్టుకుని నట్టు బిగించేవాడు. చక్రం బరువుగా తిరిగేదాకా బిగించి, మళ్లీ కొంచెం వెనక్కి వదిలి, నట్టు కదలకుండా అడ్డంగా పిన్ను దూర్చేవాడు. ఒక ఏడు ఆ వదలడం మా నాయన కళ్లలో పడింది.

"బిగిచ్చినోడివి మళ్లీ ఎందుకు వదుల్తాండావ్ మాబూ?"

"వదలకపోతే కాల్తాదన్నా. లోపల రోలరు తిరగల్ల గదా. వెంట్రుకవాసి వదులుండల్ల."

"వదులుంటే ఊడి రాదా?"

"యాడొస్తాదన్నా, పిన్ను ఉండాది గదా. నువ్వు ఊరకుండు."

నాయన తలాడించాడు. ఆ తలాడించడం నాకు బాగా తెలుసు. పాస్టరుగారు కళ్లు మూసుకోమన్నప్పుడూ అలాగే తలాడించేవాడు.

జీపు ఇంటికి రాగానే చొక్కా విప్పి, చక్రం ముందు గొంతుక్కూర్చుని, మాబు మామ దూర్చిన పిన్ను లాగేశాడు. నట్టుకు పానా తగిలించి, దాని పిడికి బారెడు ఇనుప పైపు తొడిగి, ఒంటి బరువంతా వేసి లాగి, కొత్త చోట పిన్ను దూర్చాడు. అమ్మ బియ్యం చెరుగుతూ, "మాబు చూసే చేసినాడు గదా, మళ్లీ నువ్వెందుకు?" అంది. "నీకు తెల్దు. మళ్లీ బేగా షెడ్డుకు రావల్లని వాడు పెట్టిన మెలిక అది. వాని బువ్వ వాడు చూసుకుంటాడు, నా బండెక్కినోళ్ల పాణం నేను చూసుకోవల్ల" అన్నాడు. చెమటలు కారుతున్న ఆయన్ను చూస్తే నాకు గర్వంగా ఉండింది. నాలుగు చక్రాలున్న ఆ జీపునూ, అందులో ఎక్కే ఊరినీ, మమ్మల్నీ ఆయన తన చేతులతో పట్టి ఉంచుతున్నాడని నేను నిజంగానే అనుకున్నాను.

మర్నాడే టీచరు ట్రైనింగు పరీక్ష రాయడానికి నేను నంద్యాలకు బయల్దేరాను. జీపు కిటకిటలాడుతోంది. శిరివెళ్ల దగ్గరపడుతుండగా పెనం మీద మరిచిపోయిన రొట్టె వాసన లాంటిది వచ్చింది. ఎవరో బీడీ పడేశారేమోనని నాయన వెనక్కి చూసి అరిచాడు. అంతలోనే ముందు ఎడమ చక్రంలోంచి కీచుమని చప్పుడు, పొగ. స్టీరింగు ఆయన చేతుల్లోంచి ఎడమకు లాక్కుపోయింది. ఆయన ఒక్కసారిగా బ్రేకు తొక్కలేదు. గేర్లు తగ్గించుకుంటూ, పళ్లు బిగబట్టి, జీపును శనగ చేను గట్టు మీదికి పోనిచ్చి ఆపాడు. చక్రం పక్కకు వాలిపోయింది. కోళ్లు తప్పించుకుని చేన్లో పడ్డాయి, పసిబిడ్డను పట్టుకున్న ఒక తల్లి శోకాలు పెట్టింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నాయన దిగి, అలవాటుగా చక్రం నడిబొడ్డుకు చెయ్యి ఆనించాడు. చర్మం కాలి బొబ్బలెక్కింది. కిందనే కూలబడ్డాడు. ఆయన మొదట అన్న మాట "మాబుగాడు" అని.

నన్ను వెనకొచ్చిన బస్సెక్కించాడు, నేను పరీక్ష రాశాను. ఆయన మాత్రం ఆ చక్రం వేరే మనిషితో ఊడగొట్టించి, లోపలి బేరింగును గుడ్డలో చుట్టుకుని స్టాండుకు పోయాడు. రోలర్లు నీలంగా మాడి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. జీపు జీపు దగ్గరికీ వెళ్లి, "చూడప్పా, మాబుగాని పని చూడు. నట్టు వదిలిపెట్టినాడు. ఇంతమందిని సంపుతాండె" అని అందరి చేతుల్లోనూ పెట్టాడు. చక్రం ఊడితే ఏమవుతుందో తెలిసిన డ్రైవర్లు వాళ్లంతా. ఆ రోజు నుంచి మాబు మామ షెడ్డు ముందు జీపు ఆగలేదు.

ఒక మధ్యాహ్నం ఆయనే మా ఇంటికి వచ్చాడు. అమ్మ కూర్చోమన్నా కూర్చోకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

"అన్నా, ఆ నట్టు ఒకసారి చూపియ్యి. పిన్ను యాడ దూర్చినానో నాకు తెలుసు."

"నట్టు చూసి ఏం చేస్తావ్? సచ్చింటే ఎవురు జవాబు?"

"ఎవురన్నా మళ్లీ బిగిచ్చినారేమో అడుగుతాండా. వదులై పోయిన బేరింగు అట్ల కాలదన్నా."

అమ్మ నాయన వైపు చూసింది. నేనూ చూశాను. నాయన కాలిన చేతికి కట్టుకున్న గుడ్డను సవరించుకుంటూ, "నా బండి జోలికి ఎవురొస్తారు?" అన్నాడు. మాబు మామ వెనుదిరిగాడు. ఆయన గేటు దాటగానే అమ్మ అడిగేసింది. "నువ్వే గదా బిగిచ్చింది?" నాయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "బిగిస్తే మంచిదే గదా! నేను బిగిచ్చినాను కాబట్టే శిరివెళ్ల దాకన్నా పోయింది. లేకుంటే మన వాకిట్లోనే ఊడేది." ఆ మాట మాకు సబబుగానే తోచింది. బిగించడం వల్ల చెడిపోయేది ఏదైనా ఉంటుందని మా ఇంట్లో ఎవరికి తెలుసు? కొన్నాళ్లకు మాబు మామ షెడ్డు రేకులు విప్పుకుని చాగలమర్రికి వెళ్లిపోయాడని విన్నాం. ఆ ఏడు సేమ్యా రాలేదు. మేమూ కజ్జికాయలు పంపలేదు.

ఆ తర్వాత నాయన చక్రాల పనికి నంద్యాలకే వెళ్లేవాడు. పెరట్లో బీరతీగకు గుంజ కావాలని అమ్మ పోరుతుంటే, ఒకరోజు ఆ ఇనుప పైపు తెచ్చి భూమిలో పాతాడు. బీరకాయలు విరగకాశాయి. ఇంకొకటి కూడా గుర్తుంది. చాగలమర్రి వైపు పెళ్లి కిరాయి వచ్చినా వద్దనేవాడు. "అటుపక్క రోడ్డు బాగలేదు" అనేవాడు. అది హైవే. అందరినీ అనుమానించే నాకు ఈ రెంటిలో ఏ ఒక్కదాని మీదా అనుమానం రాలేదు.

ఇప్పుడు పనిముట్ల పెట్టె తెరిస్తే, అన్నిటి అడుగున అమ్మ పాత చీర ముక్కలో చుట్టి ఆ మాడిన బేరింగు కనిపించింది. శీను దగ్గరికి తీసుకెళ్లాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది వదులై పోయింది గాదు మేడమ్. వదులైతే ఊగి ఊగి అరుగుతాది, శబ్దం చేస్తాది. ఇది ఎవురో బిర్రుగా బిగిచ్చినారు. గ్రీజంతా కాగిపోయి మాడింది" అన్నాడు. నేను అతన్ని నమ్మలేదు. ఇంకో షెడ్డుకు వెళ్లాను. అక్కడా అదే మాట. ఇంటికి వచ్చి, కూరాకు తుంచుతున్న అమ్మ ముందు కూర్చున్నాను.

"అమ్మా, నాయన ఆ పైపును బీరతీగకు ఎందుకు పాతినాడు?"

"ఇంక దాంతో పని లేదన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"నంద్యాల మెకానిక్కు కాడికి మొదటిసారి పోయొచ్చినాడే, ఆ దినం. ఆ పొద్దు బువ్వ కూడా తినలే."

అంటే ఆయనకు తెలుసు. ఎవరో చెప్పారు, ఆయనకు అర్థమైంది, పైపు భూమిలో పాతేశాడు, నోరు విప్పలేదు. చాగలమర్రి ఎంత దూరం? జీపులో ఒక్క పూట ప్రయాణం కూడా కాదు. పాలాయన్నీ పిల్లల్నీ మెకానిక్కుల్నీ అనుమానించుకుంటూ వచ్చిన నేను, అనుమానించాల్సిన మనిషి చేతి ముద్దలు తింటూ పెరిగాను. కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపం ఎటూ పోదు, ఇంట్లోనే తిరుగుతుంది. అమ్మ నా ముఖం చూసి, "ముఖం చెల్లలేదే ఆయనకు" అంది. దాన్ని నేను ఒప్పుకోలేదు.

చాగలమర్రిలో హైవే పక్క టైర్ల కొట్టు ముందు నులకమంచం మీద మాబు మామ కూర్చుని ఉన్నాడు. చూపు మందగించింది గానీ నేను పేరు చెప్పగానే గుర్తుపట్టాడు. నేను గుడ్డ విప్పి బేరింగు ఆయన చేతిలో పెట్టాను. వేళ్లతో రోలర్లు తడిమాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"దాపెట్టినాడా ఇంతకాలం?"

"నాయనే బిగిచ్చినాడు మామా. పైపు వేసి. ఆయనకు తర్వాత తెలిసింది. చెప్పలేదు."

"నాకు ఆ పొద్దే తెలుసు. ఆయనకు రెండు కళ్లు మూయడం చాతగాదు." బేరింగును నా చేతికి తిరిగిచ్చాడు. "పోయినాడని విన్నాలే. ఆయన వచ్చి చెప్పింటే బాగుండు."

నన్ను మన్నించమన్నాను. ఆయనకు విసుగొచ్చింది. "నువ్వేం చేసినావ్? ఈడ చెప్తే నాకేమొస్తాది పాపా? ఈడ నన్ను ఎవురు ఏమన్నారు? మీ నాయన దీన్ని పట్టుకోని ఆళ్లగడ్డ స్టాండంతా తిరిగినాడు. నువ్వూ ఒకసారి తిరుగు."

"ఇప్పుడు ఆడ అప్పటోళ్లు ఎవురుంటారు మామా?"

"నాకేం తెలుసు? ఆ దినం ఆయన తిరిగేటప్పుడు నేనూ లేను ఆడ."

నేను లేచి కారు దగ్గరికి వెళ్తుంటే ఆయన గోడ పట్టుకుని వచ్చి, ముందు చక్రం దగ్గర వంగి, చేతి వెనకవైపు ఆనించాడు. "సల్లగుండాది. పో" అన్నాడు.

ఆళ్లగడ్డ దారిలో కారు చప్పుడు లేకుండా పోతోంది. ఇప్పటి బేరింగును నాయన బిగించలేడు, మాబు మామ వదల్లేడు. చక్రం విషయంలో ఒక మనిషిని ఇంకో మనిషి నమ్మాల్సిన అవసరమే తీసేశారు. సుఖమే. కానీ అప్పట్లో ఆ వెంట్రుకవాసి వదులు దగ్గర ఒక్క మాట నమ్మి ఉంటే మాబు మామ షెడ్డు ఆళ్లగడ్డలోనే ఉండేది, మా నాయన చర్చిలో ఎప్పుడైనా రెండు కళ్లూ మూసుకునేవాడేమో. ఈ ఆలోచనలతో పోతున్నా, స్టాండులో ఆగకుండా నేరుగా ఇంటికెళ్లిపోదామనే ఉంది నాకు. స్టాండులో ఎవరూ ఎరగరు, పిచ్చిదనుకుంటారు, మామకు అబద్ధం చెప్పినా తెలియదు. ఇలాంటివి నాకు చాలా తోచాయి. వాటిని కూడా నేను అనుమానించాను.

స్టాండులో ఒక్క జీపూ లేదు. అన్నీ ఆటోలే. మొదటి ఆటో అతను, "యాడికక్కా?" అన్నాడు. నేను గుడ్డ విప్పి బేరింగు చూపించాను. అతను చేతిలోకి తీసుకున్నాడు. పక్క ఆటోవాళ్లు చుట్టూ చేరారు. ఇక్కడ మాబు అని ఒక మెకానిక్ ఉండేవాడని చెప్పబోయాను. మాట పూర్తికాకముందే వాళ్లలో ఒకడు, పుట్టి మహా అయితే ముప్పై ఏళ్లుంటాయి, అందుకున్నాడు. "చాగలమర్రికి పోయిన మాబునా? జీపు నట్టు వదిలిపెట్టి జనాల్ని సంపబోయినోడు గదా! మా తాత చెప్తాండె."

మనుషులు పోయారు, జీపులు పోయాయి, షెడ్డు పోయింది. మా నాయన మాట మాత్రం స్టాండులోనే ఉంది.

"ఆయన వదిలింది సరిగానే వదిలినాడప్పా" అన్నాను. "తర్వాత ఎవురో బిగిచ్చినారు. అందుకే కాలింది."

బేరింగు పట్టుకున్న అతను దాన్ని ఎండకు పెట్టి చూశాడు. "అవునక్కా, బిర్రుగా బిగిచ్చినారు దీన్ని. ఎవురక్కా ఇంత అన్యాయంగా బిగిచ్చినోడు?"

"మా నాయన" అన్నాను. "జీపు దేవదానం."

అతను ఒకసారి నా ముఖం చూశాడు. బేరింగును పక్కవాడి చేతిలో పెట్టి, "చూడప్పా" అన్నాడు.